ఎరుపు చూసి మోసపోకండి: రెండు బుల్‌బుల్ పిట్టల్ని విడదీసి గుర్తుపట్టడం ఎలా

ముందు నేను చేసిన తప్పు చెప్పేస్తా, ఈ గైడ్ మొత్తం దాన్లోంచి పుట్టిందే. హైదరాబాద్‌లో మా బాల్కనీ ముందు ఒక వేపచెట్టు ఉంది, దాని మీద పొద్దున్నే నల్లతల పిట్టలు జంటగా వచ్చి కూర్చునేవి, తోక కింద కుంకుమ అద్దినట్టు ఎర్రటి మచ్చ. పిట్టల పిచ్చి కొత్తగా పట్టిన రోజులు, ఫోన్లో వెతికితే బుల్‌బుల్ అని వచ్చింది, అందులో మళ్ళీ రెండు పేర్లు, రెడ్ వెంటెడ్ బుల్‌బుల్, రెడ్ విస్కర్డ్ బుల్‌బుల్. వెంట్ అంటే ఏంటో నాకు తెలీదు, విస్కర్డ్ అన్నది వినడానికి స్టైల్‌గా ఉంది, ఎలాగూ రెండిట్లోనూ రెడ్ ఉందిగా అని రెండోదానికి టిక్కు పెట్టేశా. ఒకసారి కాదండీ, దాదాపు ఏడాది పాటు ఈబర్డ్‌లో (ఎవరు ఏ పిట్టని ఎక్కడ చూశారో లిస్టులు ఎక్కించే వెబ్‌సైట్ లెండి) వేసిన ప్రతి లిస్టులో అదే.

కొన్నాళ్ళకి ఈబర్డ్ రికార్డులు చూసే వాలంటీర్ ఒకాయన ఫోటో ఏమైనా ఉందా అండీ అని మర్యాదగానే అడిగారు. నాకు ఒళ్ళు మండింది, నా బాల్కనీ పిట్ట నాకు తెలీదా అని. ఆ చలికాలం అరకు వెళ్ళినప్పుడు కాఫీ తోట పక్కన ఒక కొమ్మ చివర నిటారు పిలకతో, తెల్లటి పొట్టతో ఒక పిట్ట కూర్చుని కూస్తా ఉంటే, పక్కనున్న ఆయన అదే రెడ్ విస్కర్డ్ అన్నాడు. చూడగానే అర్థమైపోయింది నేను ఏడాది పాటు ఏం చేశానో.

కాబట్టి అసలు మాట మొదట్లోనే చెప్పేస్తున్నా: తోక కింద ఎరుపు రెండిటికీ ఉంటుంది. దాన్ని పట్టుకుని వెళ్తే తప్పకుండా దారి తప్పుతారు. మిగతా పిట్టంతా చూడండి, ఎరుపు ఆఖర్న చూద్దురుగాని.

పేర్ల గోల ముందే తేల్చుకుందాం

వెంట్ అంటే తోక మొదలుకి కింద, పొట్ట అయిపోయే చోటు. విస్కర్స్ అంటే మీసాలు, గెడ్డం పక్క వెంట్రుకలు అలాంటివి. అంటే ఒకదానికి పేరు కింది ఎరుపుని బట్టి పెట్టారు, ఇంకోదానికి చెంప మీది ఎరుపుని బట్టి పెట్టారు, కానీ చెంప ఎరుపున్న దానికి కిందా ఎరుపు ఉంది, అదీ తిరకాసు. నేనైతే సొంతంగా పేర్లు పెట్టేసుకున్నా, రెడ్ వెంటెడ్‌ని మసి బుల్‌బుల్ అంటా, తల మీద మసి పూసినట్టు ఉంటుంది గనక, రెడ్ విస్కర్డ్‌ని పిలక బుల్‌బుల్ అంటా. ఇక్కడ కూడా అవే వాడతా, మీరు పుస్తకాల్లో వెతికేటప్పుడు మాత్రం అసలు పేర్లతోనే వెతకండి. తెలుగులో పికిలిపిట్ట, పిగిలిపిట్ట అని మనవాళ్ళు అనేది ఎక్కువగా మసి దాన్నే, మైదానాల్లో అందరి కళ్ళ ముందూ తిరిగేది అదే కాబట్టి.

ఇంకోటి, గజళ్ళలో గులాబీ కోసం ఏడ్చే బుల్‌బుల్ వేరు. పారశీక కవులు చెప్పింది నైటింగేల్ గురించి, మన గోరింట పొదలో గూడు కట్టే ఈ పిట్టకీ దానికీ చుట్టరికం లేదు.

ఈ రెండూ మాత్రం సొంత అన్నదమ్ముల లాంటివే, రెండూ పిక్నోనోటస్ అనే ఒకే ప్రజాతి, మసి దాని శాస్త్రీయ నామం పిక్నోనోటస్ కేఫర్, పిలక దానిది పిక్నోనోటస్ జొకోసస్. నాలాంటోళ్ళు పొరబడితే సిగ్గు పడక్కర్లేదు అనడానికి ఒక ఉదాహరణ చెప్తా. జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ పిలక దాన్ని 1758లో ష్రైక్‌ల గుంపులో పడేశాడు, అంటే పురుగుల్నీ బల్లుల్నీ ముల్లుకి గుచ్చి తినే పిట్టలతో కలిపేశాడన్నమాట. మసి దాన్ని 1766లో కస్తూరిపిట్టల లాంటి థ్రష్‌లలో కలిపాడు, పైగా కేఫర్ అన్న పేరు ఎందుకొచ్చిందంటే అది ఆఫ్రికాలో కేప్ ఆఫ్ గుడ్ హోప్ నుంచి వచ్చిన పిట్ట అనుకున్నారు. ఆఫ్రికాలో అది సహజంగా లేనే లేదు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

స్టెప్ 1: ముందు మీరు ఎక్కడున్నారో చూసుకోండి

పిట్టని చూడక ముందే సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. మసి బుల్‌బుల్ ఎండా, ముళ్ళపొదలూ, బీడు భూములూ, ఊళ్ళూ, అపార్ట్‌మెంట్లూ దేనికైనా సర్దుకుపోతుంది. తెలంగాణలో, రాయలసీమలో, కోస్తా మైదానాల్లో ఎక్కడ కళ్ళు మూసుకుని రాయి విసిరినా దీని పక్కనే పడుతుంది (విసరకండి). పిలక దానికి కాస్త చెమ్మ కావాలి, చెట్లు దట్టంగా ఉండాలి, అందుకే అరకు, అనంతగిరి లాంటి తూర్పు కనుమల మన్యంలో, కాఫీ తోటల్లో హాయిగా ఉంటుంది. బెంగళూరులో ఉండే తెలుగు వాళ్ళకైతే ఇది రోజూ కనిపించే పిట్ట, లాల్‌బాగ్‌లోకి పొద్దున్నే వెళ్తే రెండూ పక్కపక్కనే దొరుకుతాయి, అందుకే పోల్చి నేర్చుకోవడానికి బెంగళూరుని మించిన చోటు లేదు అంటా నేను. నీలగిరుల వైపు, కేరళ కొండల వైపు వెళ్ళినా అంతే.

అట్లాగని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పిలక బుల్‌బుల్ అసలు ఉండదు అని కాదు, తోటలు పెరిగే కొద్దీ పిట్టలూ కదులుతాయి. కానీ పొడి ప్రాంతంలో పిలకది అనిపించినప్పుడు మిగతా స్టెప్పులన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుని, వీలైతే ఫోటో తీసుకుని అప్పుడు రాయండి, నాలాగ కాకుండా.

విదేశాల్లో ఉన్న వాళ్ళకి ఇక్కడే ఒక మాట, ఎందుకంటే ఈ రెండూ మనలాగే వలస వెళ్ళిపోయాయి, కాకపోతే పంజరాల్లో. అమెరికాలో హ్యూస్టన్‌లో పెరట్లో బుల్‌బుల్ కనిపిస్తే అది మసి దానే, మయామీ దగ్గరా, లాస్ ఏంజిలస్ చుట్టుపక్కలా అయితే పిలక దాన్ని చూసే అవకాశం ఎక్కువ, హవాయిలో ఓహూ దీవిలో రెండూ ఉన్నాయి. ఫిజీకి 1903 ప్రాంతంలో మన దేశం నుంచి చెరకు తోటల కూలీలతో పాటు మసిది వెళ్ళింది, మారిషస్‌కి 1892లో పిలకది వెళ్ళింది. దుబాయ్‌లో ఉన్నవాళ్ళు జాగ్రత్త, అక్కడ పార్కుల్లో మసి దానితో పాటు తెల్లచెంపల బుల్‌బుల్ ఇంకోటి కూడా తిరుగుతుంది, చెంప తెల్లగా ఉంది కదా అని పిలక దాని కింద రాసేస్తారు. బయట దేశాల్లో వీటికి మంచి పేరేం లేదు, పళ్ళ తోటలు పాడుచేస్తాయని, అడవిలో కలుపు మొక్కల గింజలు చల్లుతాయని మసి దాన్ని ప్రపంచంలో అతి చెడ్డ వంద చొరబాటు జీవుల లిస్టులో పెట్టారు. మన ఊళ్ళో మాత్రం అది ఇంటి పిట్టే.

స్టెప్ 2: తల చూడండి, తల అంటే రంగు కాదు, ఆకారం

దూరం నుంచి, ఎదురు వెలుతురులో, రంగులేవీ తెలీనప్పుడు కూడా పనిచేసేది ఇదొక్కటే, అందుకే దీని మీద కాస్త ఎక్కువ సేపు ఉంటా.

పిలక దాని పిలక సన్నగా, మొన తేలి, నెత్తి మీద నిటారుగా నిలబడి కొసకి వచ్చేసరికి కాస్త ముందుకి వంగినట్టు ఉంటుంది, దాదాపు ఎప్పుడూ లేచే ఉంటుంది. పెళ్ళిలో తలపాగాకి తురాయి పెట్టుకున్న పెళ్ళికొడుకులా ఉంటుంది చూడ్డానికి. మసి దానికీ జుట్టుంది, కానీ అది పొట్టిది, వెనక్కి పడుకుని ఉంటుంది, అందుకే తల వెనక భాగం కాస్త పలకగా, చెక్కినట్టు కనిపిస్తుంది. నిద్ర లేచి తల దువ్వుకోకుండా వచ్చినోడి క్రాఫు లాగ అనుకోండి.

మోసం ఎక్కడంటే, మసి దానికి కోపం వచ్చినా, పిల్లి కనిపించినా, పక్క జంటతో గొడవ పడినా ఆ పొట్టి జుట్టు లేచి నిలబడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో ఫోటో తీశారనుకోండి, అబ్బో పిలక ఉందే అనిపిస్తుంది. కాబట్టి ఒక్క చూపుతో తేల్చకండి, ఒక నిమిషం అలాగే చూడండి, శాంతించాక పడిపోతే అది మసిది, శాంతంగా ఉన్నా నిలబడే ఉంటే పిలకది.

ఇప్పుడు మొహం. మసి దానికి తల మొత్తం నలుపే, గొంతూ నలుపే, ఎక్కడా తెలుపు ముక్క ఉండదు. పిలక దానికి నెత్తి నలుపు, చెంప తెలుపు, గొంతు తెలుపు, ఆ చెంపకీ గొంతుకీ మధ్య సన్నటి నల్లగీత మీసంలా కిందికి దిగుతుంది, కంటి వెనకాల తెల్ల చెంప పైన చిన్న ఎర్రటి కుచ్చు. ఆ ఎర్ర కుచ్చే దాని పేరుకి కారణం, కానీ అది చాలా చిన్నది, బైనాక్యులర్ లేకపోతే చాలాసార్లు కనపడనే కనపడదు, నీడలో ఉంటే ఇంకా కష్టం. అందుకే ఎరుపు కోసం వెతక్కండి, చెంప తెలుపు కోసం వెతకండి, తెలుపు దూరానికి కూడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

స్టెప్ 3: ఛాతీ, పొట్ట

ఇది తేలిక. పిలక దాని కింది భాగం తెల్లగా ఉంటుంది, భుజం దగ్గర నుంచి ఛాతీ పక్కకి ఒక ముదురు రంగు పట్టీ వస్తుంది, తెల్ల లాల్చీ మీద రెండు వైపులా కండువా అంచులు వేలాడినట్టు. మసి దాని ఒళ్ళు బూడిద గోధుమ కలిసిన రంగు, ప్రతి ఈకకీ అంచు లేత రంగులో ఉండటం వల్ల చేప పొలుసుల్లాగ కనిపిస్తుంది, వీపు మీదా ఛాతీ మీదా కూడా. పొలుసులు ఉన్నాయా లేవా, అంతే ప్రశ్న. పిలక దాని వీపు పొలుసుల్లేకుండా సాదా గోధుమ రంగు.

సైజు చూసి తేల్చడం కుదరదు, రెండూ దాదాపు 20 సెంటీమీటర్లే, మైనా కన్నా చిన్నవి. మగా ఆడా కూడా ఒకేలా ఉంటాయి రెండిట్లోనూ, కాబట్టి ఒకటి మగది ఇంకోటి ఆడది అయ్యుంటుందిలే అనే ఊహ అసలు పెట్టుకోకండి, ఇది చాలామంది చెప్పగా విన్నా.

స్టెప్ 4: ఎగిరిపోతే కంగారు పడకండి, వెనక నుంచి చూడండి

పిట్ట ఎగిరిపోయింది, అయ్యో మిస్ అయ్యాం అనుకుంటాం గానీ నిజానికి మసి దాన్ని గుర్తు పట్టడానికి అదే మంచి టైం. తోక మొదలుకి పైన, అంటే నడుము దగ్గర, దానికి తెల్లటి పట్టీ ఉంటుంది, కూర్చున్నప్పుడు రెక్కల కింద దాక్కుంటుంది, ఎగరగానే తళుక్కున మెరుస్తుంది. నల్ల తోక, తోక చివర తెలుపు, నడుము తెలుపు, ఈ మూడూ కలిసి కనిపిస్తే ఇంక ఆలోచించక్కర్లేదు. పిలక దానికి నడుము తెలుపు లేదు, వీపు రంగే కొనసాగుతుంది.

తోక చివరి తెలుపు ఒక్కదాన్నే నమ్మొద్దు, ఎందుకంటే పిలక దాన్లో ప్రాంతాన్ని బట్టి తేడా ఉంది. తూర్పు భారతంలో ఉండే వాటికి తోక కొసన తెల్ల మచ్చలు ఉంటాయి, పడమటి కనుమల వైపు వాటికి ఉండవు, పైగా ఆ పడమటి వాటికి ఛాతీ పట్టీలు రెండూ దాదాపు కలిసిపోయినట్టు ఉంటాయి. ఫోన్ యాప్‌లో ఫోటోకీ మీ ఎదురుగా ఉన్న పిట్టకీ తోక కలవట్లేదని బుర్ర బద్దలు కొట్టుకోకండి, అది వేరే ప్రాంతం ఫోటో అయ్యుంటుంది.

స్టెప్ 5: చెవులు వాడండి

రాసి చెప్పడం కష్టమే గానీ ప్రయత్నిస్తా. పిలక దాని కూత మూడు నాలుగు ముక్కల చిన్న ఈల, కింక్-అ-జూ అన్నట్టు, గొంతు సన్నగా హుషారుగా ఉంటుంది. దాని శాస్త్రీయ నామంలో జొకోసస్ అన్న మాటకి అర్థమే సరదా మనిషి లాంటిది. నాకైతే "ఇటు చూడూ, ఇటు చూడూ" అన్నట్టు వినిపిస్తుంది, కొమ్మ చిట్టచివర కూర్చుని మరీ అంటుంది. మసి దాని గొంతు కాస్త మందం, తక్కువ స్థాయి, "ఏంట్రోయ్, ఏంట్రోయ్" అని వరండాలోంచి పలకరించే పెద్దాయన లాగ, ఇక ఏదైనా ప్రమాదం కనిపిస్తే పిక్-పిక్-పిక్ అని ఆపకుండా గోల. మీ చెవికి వేరే మాటలు వినిపిస్తే అవే పెట్టుకోండి, మీరు పెట్టుకున్నవే మీకు గుర్తుంటాయి.

మెర్లిన్ అనే ఫ్రీ యాప్ ఉంది, కార్నెల్ పక్షి ల్యాబ్ వాళ్ళది, ఫోన్ ఎత్తి పట్టుకుంటే కూత విని పేరు చూపిస్తుంది. వాడండి, కానీ అది చెప్పింది సాక్ష్యం కాదు, ఆచూకీ మాత్రమే. మైనాలూ ట్రాఫిక్కూ కలిసిన చోట అది కూడా తడబడుతుంది. అది పేరు చూపించగానే తలెత్తి పిట్టని వెతికి కంటితో చూశాకే రాసుకోవాలి. ఒక వారం పొద్దున్నే పది నిమిషాలు ఇలా చేస్తే మసి దాని గొంతు ఎంత బాగా వచ్చేస్తుందంటే, ఆ తర్వాత కొత్త ఊళ్ళో పిలకది కూస్తే ఇది మనది కాదే అని చెవే చెప్తుంది. మామూలుగా దొరికే దాన్ని బాగా నేర్చుకోవడమే అరుదైన దాన్ని పట్టుకునే పద్ధతి, నేను ఉల్టా చేశా.

స్టెప్ 6: పిల్లల దగ్గర మాత్రం ఓపిక

అసలు పరీక్ష ఇక్కడ. గూట్లోంచి కొత్తగా బయటికొచ్చిన పిలక పిల్లకి చెంప మీద ఎర్ర కుచ్చు ఉండదు, పిలక నల్లగా కాకుండా గోధుమ రంగులో, తోక కింద కూడా గట్టి ఎరుపు బదులు వెలిసిన నారింజ. మసి పిల్లకి కూడా కింద ఎరుపు పాలిపోయి ఉంటుంది. ఇప్పుడు ఎరుపు నమ్ముకున్నవాడి గతేంటి? అదే చెంప తెలుపు, పొట్ట తెలుపు, మీసం గీత చూసేవాడికి పెద్ద ఇబ్బంది ఉండదు. ఇంకా అనుమానంగా ఉంటే పిల్లని వదిలేసి ఐదు నిమిషాలు కూర్చోండి, తల్లో తండ్రో నోట్లో పురుగు పట్టుకుని వస్తుంది, దాన్ని చూస్తే సరిపోతుంది.

గూడు, గుడ్లు చూసి తేల్చుదాం అనుకోకండి, రెండూ పొదల్లో చిన్న గిన్నె లాంటి గూడే కడతాయి, రెండూ రెండు మూడు గుడ్లు, లేత గులాబీ తెలుపు మీద ఎర్ర గోధుమ చుక్కలు. మందార కుండీలో, గోరింట కంచెలో, ఒక్కోసారి వరండా తీగల్లో కూడా కట్టేస్తాయి, మనుషులంటే పెద్ద భయం లేదు. గూడు కనిపిస్తే ఆకులు పక్కకి తొలగించి ఫోటోలు తీయొద్దు, మీరు దారి తెరిచినట్టే, కాకి చూస్తూ ఉంటుంది. దాదాపు రెండు వారాల్లో గుడ్లు పొదుగుతాయి, ఆ తర్వాత ఇంకో రెండు వారాల్లోపే పిల్లలు వెళ్ళిపోతాయి, అప్పటిదాకా ఆ కుండీకి నీళ్ళు మెల్లగా మొక్క మొదట్లో పోయండి చాలు. ఈ సీజన్లోనే మసిది బైకు అద్దంలో తన బొమ్మనే చూసుకుని పోట్లాడుతుంది, అద్దానికి పాత సాక్సు తొడగండి, ఆగిపోతుంది. పిల్ల బాగుంది కదా అని పెంచుకోవడం మాత్రం కుదరదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటిని పట్టడం, పంజరంలో పెట్టడం నేరం.

పక్కదార్లు రెండు

ఎరుపు ఎక్కడా లేని, పాలిపోయిన ఆకుపచ్చ బూడిద రంగు పిట్ట పొదలోంచి ఒక్కసారిగా గలగలా మాట్లాడి మాయమైతే అది తెల్లకనుబొమ్మల బుల్‌బుల్, మన పొడి పొదల్లో బాగానే ఉంటుంది, వినపడినంత కనపడదు. ఇక బండరాళ్ళ గుట్టల మీద, హార్స్‌లీ హిల్స్ లాంటి చోట, తలా గొంతూ పసుపుగా, తోక కింద కూడా పసుపుగా ఉన్న బుల్‌బుల్ కనిపిస్తే మీ అదృష్టం పండినట్టు. అది పసుపుగొంతు బుల్‌బుల్, దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ 1840లలో దాని గురించి మొదట రాశాడు. దాన్ని చూడాలని రికార్డింగ్ ప్లే చేసి పిలవొద్దు ప్లీజ్, ఉన్నవే తక్కువ.

స్టెప్ 7: రాసుకునేటప్పుడు

పేరు ముందు రాయకండి. ఏం చూశారో రాయండి, పేరు తర్వాత. నా నోట్‌బుక్‌లో ఇప్పుడు ఇలా ఉంటుంది: "పొ. 6:40, వేపచెట్టు, తల గొంతు నలుపు, పొలుసులు ఉన్నాయి, ఎగిరితే నడుము తెలుపు, రెండు పిట్టలు." దాని కింద మసి అని. రెండు గుర్తులు కలిస్తేనే పేరు, ఒక్కటే దొరికితే పేరు లేదు, అదీ నా రూలు. ఫోటో బాగా రాకపోయినా పర్లేదు, మసక ఫోటోలో కూడా చెంప తెలుపా నలుపా తెలిసిపోతుంది. బైనాక్యులర్ కొనాలనుకుంటే 8x42 (అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) తీసుకోండి, ఎక్కువ పవర్ ఉన్నది కొంటే చెయ్యి వణికి పిట్ట దొరకదు. కొనకపోయినా బాల్కనీలో ఒక మట్టి మూకుడులో నీళ్ళు, పక్కన పండిన బొప్పాయి ముక్క పెట్టి చూడండి, ఎండాకాలంలో పిట్టే దగ్గరికొస్తుంది. మూకుడు రోజూ కడగాలి, బొప్పాయి సాయంత్రానికి తీసేయాలి, లేకపోతే చీమలూ ఎలుకలూ వస్తాయి, పక్క ఫ్లాట్ ఆంటీ కూడా వస్తారు.

ఇప్పటికే తప్పు రాసి ఉంటే దిద్దుకోవచ్చు, ఈబర్డ్‌లో పాత లిస్టు తెరిచి పిట్ట పేరు మార్చే వీలుంది. నేను ఒక ఆదివారం మధ్యాహ్నం అంతా కూర్చుని ఏడాది లిస్టులన్నీ ఒక్కోటి తెరిచి పిలక తీసేసి మసి పెట్టుకుంటూ వచ్చా, ఆ ఫోటో అడిగిన ఆయనకి సారీ చెప్తూ మెయిల్ కూడా పెట్టా, పర్లేదండీ నేనూ మొదట్లో ఇదే చేశా అని రాశారు. అందులో ఒక్క లిస్టు మాత్రం మార్చలేకపోయా, విశాఖ వైపు ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి చూసింది, వానలో, అర సెకను, ఏదో పిలక లాంటిది ఉన్నట్టే గుర్తు, కానీ తడిసిన మసి దాని జుట్టు కూడా అలాగే నిక్కబొడుచుకుంటుంది. దానికి "బుల్‌బుల్ ఎస్పీ" అని పెట్టి వదిలేశా, ఏ బుల్‌బులో తేలలేదు అని అర్థం.